తగరం ముందు కరుగుతుంది

ఉదయం ఎనిమిదికి నాగావళి మీద మంచు ఇంకా లేవదు.
పేపరు మిల్లు వాసన మాత్రం లేచి
రాయగడ అంతా ఒక చుట్టు తిరిగొస్తుంది.
నేను ముక్కుకి గుడ్డ కట్టుకుని
త్రాసు ముందు కూర్చుంటాను.

రాగిపొడి తొమ్మిది కేజీలు.
ఎండురొయ్యలు దంచిన రంగు.
తగరంపొడి ఒక్క కేజీ.
తెల్లారి కుంపట్లో మిగిలిన బూడిద రంగు.
చిటికెడు గ్రాఫైటు. అచ్చుకి అంటకుండా
సబ్బులాంటి తెల్లపొడి ఇంకొంచెం.
డ్రమ్ము మూత బిగిస్తే అరగంట గిరగిరా.
తీసి చూస్తే అంతా ఒకే రంగు.
భూతద్దం పెడితే ఎవరి రేణువు వారిదే.
కలపడం నా పని.
కలవడం నా చేతిలో లేదు.

ప్రెస్సు దగ్గర సింగారి సికక.
కాలు నొక్కితే ఠక్కుమని ఒక ఉంగరం,
నా చిటికెనవేలికి సరిగ్గా పట్టేంత.
ఇంకా పచ్చిది. గట్టిగా పట్టుకుంటే
రస్కులా రాలిపోతుంది.
"ఇవి తొడుక్కునే వేళ్ళు ఫ్యాన్లకే ఉన్నాయక్కా"
అంటుంది, ట్రే నింపుతూ.

కొలిమి ఇరవైరెండేళ్ళు దండాసిది.
తలుపు కన్నంలోంచి ఒంటికన్నుతో చూసేవాడు.
పండిన ఈతకాయ రంగు, ఇంకా కాదు.
మోదుగపువ్వు రంగు, అదీ.
మేం తొందరపడితే చెయ్యి అడ్డంపెట్టి
"టికె రొహొ" అనేవాడు.
కొంచెం ఆగండని.
ఆ కొంచెం ఎంతో ఎవరికీ తెలీదు,
ఆయన చెయ్యి దిగేదాకా అంతే.

ఒకసారి, ఆర్పిన బీడీ చెవి మీద పెట్టుకుంటూ
సగం ఒడియాలో సగం మన మాటలో చెప్పాడు.
తగరం ముందు కరుగుతుందమ్మా.
రాగికి ఇంకా ఒళ్ళు వేడెక్కకముందే
ఇది నీరై దాని సందుల్లోకి జారిపోతుంది.
ఆనక ఎంత వెతికినా తగరం దొరకదు,
రాగీ దొరకదు. కంచు దొరుకుతుంది.
తగరం కూర్చున్న చోట మాత్రం
సూదిమొనంత ఖాళీ మిగులుతుంది.
అది లోపం అనుకునేరు.
నూనె దాగేది అక్కడే.
ఎవరింట్లోనో ఎండాకాలం పదేళ్ళు
చప్పుడు లేకుండా ఫ్యాను తిరిగిందంటే
ఆ ఖాళీ చలవే.

పోయిన మాఘంలో దండాసి కంట్లో పువ్వు పడింది.
మోదుగది కాదు, తెల్లది.
కొలిమికి ఎర్రంకెల మీటరొచ్చింది.
ఆయన గొడుగు, టిఫిను డబ్బా పట్టుకుని
బిస్సంకటక్ బస్సెక్కాడు.
మీటరు మంచిదే. బీడీలు అడగదు.
మా మీద కసరదు.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయొచ్చాక
మీటరు నాలుగు ఎనిమిదులు చూపించి ఊరుకుంది.
పాణిగ్రాహి బాబు ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే
"లాగేయండి, ఆ ట్రేలన్నీ స్క్రాపు" అన్నాడు.
నా చెయ్యి దానంతటదే అడ్డం వెళ్ళింది.
"టికె రొహొ" అన్నాను.
ఆ మాట నా నోట్లోకి ఎప్పుడు జారిందో!
సింగారి కిసుక్కున నవ్వి, ఆగిపోయింది.
కన్నంలోంచి చూశాను.
కొలిమి మూతి దగ్గర సన్నని మంట రెపరెపలు,
అమ్మోనియా ఘాటుకి నీళ్ళు కమ్మిన కళ్ళు,
లోపల ఈతకాయ.
ఈతకాయ.
ఇంకా ఈతకాయే.

చల్లారాక, నూనెలో వెయ్యకముందు,
ఆయన చేసినట్టే ఒకటి తీసి
నాలిక మీద పెట్టుకున్నాను.
సరిగా కాలినదైతే తడిని పీల్చి అంటుకుంటుంది,
కొత్త ముంత పెదవిని పట్టుకున్నట్టు.

పట్టుకుంది.
పాత కాణీ రుచి, కొంచెం పొగ.

బాబు "ఏమైంది, చెప్పు" అంటున్నాడు.
చెప్పాలంటే దాన్ని నాలిక మీంచి తియ్యాలి.
తియ్యబుద్ధి కాలేదు.